గుబురమ్మ చెలమ తవ్వనంది

నల్లరాతి కొండ కింద అడవి ఎండాకాలం వచ్చిందంటే చూడబుద్ధి కాదు. ఆకులన్నీ రాలిపోయి, వాగు ఇసకమేటై, నేల మీద అడుగు పెడితే కాళ్ళు చురుక్కుమంటాయి. అంత అడవిలోనూ ఒక్క మూల మాత్రం ప్రాణం ఉంటుంది. అక్కడో చల్లటి గుహ, గుహ ముందు ఇప్పచెట్లు, చెట్లు దాటగానే వాగు ఇసకలో ఓ చెలమ. చెలమంటే పెద్ద సంగతేం కాదు, ఇసక తవ్వితే ఊరే నీళ్ళ గుంట. రోజూ తవ్వితే నీళ్ళిస్తుంది, మానేస్తే పూడుకుపోతుంది.

ఆ మూల ఎలుగుబంటి గుబురమ్మది. ఊరికే వచ్చింది కాదు. ఆ అడవికో కట్టుబాటు ఉంది. హద్దు చెట్ల మీద ఎవరి గోటి గీతలుంటే ఆ చోటు వాళ్ళది. వాళ్ళు పిలిస్తే తప్ప అందులో ఇంకొకరు గోరు పెట్టి తవ్వకూడదు. ఇప్పపూలు ఏరుకుని తినే సుఖం గీతలవాళ్ళదైతే, ఎండలు పోయేదాకా చెలమ తవ్వి అడవి మొత్తానికీ నీళ్ళు పెట్టే చాకిరీ కూడా వాళ్ళదే. నీళ్ళు పెట్టలేకపోతే గీతలు చెల్లవు. గీతలు ఏటా కొత్తగా గీయాలి, అదీ ఇప్పపూలు రాలడం ఆగేలోపు గీయాలి. గీతల్లేని చెట్టు ఎవరిదైనా కావచ్చు. ఎలుగుల ఇళ్ళలో ఇంకో మెలిక కూడా ఉంది. బిడ్డకి ఈడొచ్చి, గుండె మీద నెలవంకలాంటి తెల్లమచ్చ, అదే తెల్లవంక, నిండుగా వచ్చాక ఆ బిడ్డే గీయాలి. తల్లి గీస్తే లెక్కలోకి రాదు.

గుబురమ్మ కొడుకు నీలుడికి తెల్లవంక నిండుగానే వచ్చింది. చిక్కంతా అక్కడే.

నీలుడు కొండకవతల ఏదుపంది ఆచార్యులవారి కాలేజీలో పుట్టల శాస్త్రం చదువుతున్నాడు. చదువుతున్నాడని గుబురమ్మ చెబుతుంది. వేసవి సెలవులకి ఇంటికొస్తూ వాడు తెచ్చినవి రెండే, ఒకటి నిద్ర, రెండోది బ్యాక్‌లాగులు. వచ్చిన రోజున గుహలో చల్లగా ఉండే చోటు చూసుకుని వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి, పొట్ట మీద ఓ గోరింకని కూర్చోబెట్టుకున్నాడు. ఆ గోరింక అడవిలో ఎక్కడెక్కడి కబుర్లో చెబుతూనే ఉంటుంది. ఒకటి పూర్తికాకముందే ఇంకోటి మొదలు. వీడు కన్నార్పకుండా వింటాడు. తల్లి పిలిస్తే మాత్రం వినపడదు.

"ఏరా, ఎండ నడినెత్తికొచ్చింది. లేస్తావా?"

"లేచే ఉన్నానమ్మా. కళ్ళే తెరవలేదు."

"చెట్ల మీద గీతలు గీయాలిరా. పూలు పల్చబడుతున్నాయి. తర్వాత నెత్తీనోరూ కొట్టుకున్నా లాభం లేదు."

"చూద్దాంలే అమ్మా."

ఈ 'చూద్దాంలే' అన్నమాట వినీ వినీ గుబురమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. ఎలుగుబంట్లకి తోక ఉండీ లేనట్టుంటుంది కాబట్టి ఆ ప్రాణం అక్కడా నిలవలేదు. బతిమాలింది. తిట్టింది. తేనెపట్టు తెచ్చి ఆశపెట్టింది. వాడు తేనె తిని, మూతి నాక్కుని, అటు తిరిగి పడుకున్నాడు. పుట్ట తవ్వుకు రారా అంటే, పుట్టల్లో రకాలెన్నో చెప్పి, ఇది తవ్వదగ్గ రకం కాదన్నాడు.

తప్పు కొంత ఆమెదీ ఉంది. ఎలుగుబంట్లు పిల్లల్ని వీపు మీద మోస్తాయి. నాలుగడుగులు వేసే వయసొచ్చాక పిల్ల దిగాలి. నీలుడు దిగలేదు, ఆమె దించలేదు. కాలేజీకి కూడా కొండ సగం దాకా తల్లి వీపు మీదే వెళ్ళాడు. మిగతా సగం తోటివాళ్ళు చూస్తారని నడిచాడు. ఇప్పుడు ఆమెకి నడుం పట్టేసింది, మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. నేను పోతే వీడేం తింటాడు, ఎక్కడ తలదాచుకుంటాడు అన్న దిగులుతోనే రోజూ చెలమ తవ్వేది.

నీళ్ళ కోసం వచ్చే కొండముచ్చు చెంగమ్మ ఆ దిగులుని రోజూ కెలికి పోయేది.

"మీవాడింకా లేవలేదా వదినా? మావాడు చదువు పూర్తికాకుండానే గుంపుకి కాపలాదారుగా ఎంపికైపోయాడు. చెట్టు చివర కూర్చున్నాడంటే చిరుతపులి అయినా సరే, ఇట్టే పసిగట్టేస్తాడు."

"సంతోషం వదినా."

"మీవాణ్ణి నువ్వే పాడుచేశావు. నాలుగు తగిలిస్తే దారికొచ్చేవాడు. అడవంతా అదే అనుకుంటోంది."

గుబురమ్మ ఇసక ఎత్తిపోయడం ఆపి నిలబడింది. "అడవి అనుకుంటే అనుకోనీ. నా బిడ్డని తిట్టే హక్కు నాకుంది, నేను తిడతాను. నువ్వు నీళ్ళు తాగడానికి వచ్చావు, తాగి వెళ్ళు."

చెంగమ్మ మూతి ముడుచుకుని తాగి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే పాట. కాకపోతే ఈసారి ఒంటరిగా రాలేదు. వెంట నక్క వినయమూర్తిని తెచ్చింది.

వినయమూర్తి పేరుకి తగ్గవాడు. నాలుగడుగుల దూరంలోనే వంగి, తోక నేలకి ఆనించి, కళ్ళు సగం మూసి దణ్ణం పెట్టాడు.

"అక్కా, నీ కష్టం చూడలేకపోతున్నాను. ఈ వయసులో ఈ ఎండలో చెలమ నువ్వు తవ్వడమేంటి?"

"నేను తవ్వకపోతే నువ్వు తవ్వుతావా తమ్ముడూ?"

"నాకంత భాగ్యమా. కుర్రాడి సంగతి విన్నాను. వాడిలో సరుకుంది అక్కా. బయటికి లాగేవాడు లేడంతే. తల్లి మాట పిల్లలకి రుచించదు. అదే మాట బయటివాడు చెబితే పరిగెత్తుకుంటూ చేస్తారు. వాణ్ణి నాకప్పగించు. పూలు రాలడం ఆగేలోపు మీ హద్దు చెట్లన్నిటి మీదా గీతలుంటాయి. అది నా పూచీ."

"నీకేం లాభం?"

"అక్క మొహంలో నవ్వు చూస్తే చాలదా?"

గుబురమ్మకి నక్కల సంగతి తెలియక కాదు. కానీ పోరి పోరి విసిగిపోయి ఉంది. కొమ్మల్లో పూలు నానాటికీ పల్చబడుతున్నాయి. పక్కన చెంగమ్మ "ఒప్పుకో వదినా, ఒప్పుకో" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. అలిసిపోయినప్పుడు ఎంత తెలివైన తల్లికైనా బుర్ర పనిచేయదు. సరే అంది.

మర్నాడు విడ్డూరం జరిగింది. ఎండెక్కకముందే నీలుడు లేచాడు. లేపకుండా లేచాడు. ఒళ్ళు దులుపుకుని, గోరింకని కొమ్మ మీదకి తోలేసి, నక్క వెంట హద్దు చెట్ల వైపు నడిచాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, "అబ్బ, ఒళ్ళు హూనమైందమ్మా" అని తేనెపట్టు పూర్తిగా లాగించాడు. ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. గుబురమ్మకి కాళ్ళు నేల మీద ఆనలేదు. చెంగమ్మ వచ్చినప్పుడు అడక్కుండానే చెప్పింది.

"మావాడు పొద్దున్నే పనికి వెళ్ళిపోయాడు వదినా. మనిషి మారిపోయాడనుకో."

పూలు రాలడం ఆగిన రోజున, కొడుకు గీసిన గీతలు కళ్ళారా చూసుకుందామని ఆమె ఒక్కతే హద్దు దాకా వెళ్ళింది. మొదటి చెట్టు దగ్గరే ఆగిపోయింది.

గీతలున్నాయి. ఎలుగుబంటి వెనక్కాళ్ళ మీద నిలబడి గీసే ఎత్తులోనే ఉన్నాయి. కానీ ఎలుగు గోరు బెరడుని చీల్చి లోపలి చెక్క దాకా పోతుంది. ఇవి సన్నగా, పైపైన, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. గుబురమ్మ ముక్కు ఆనించి చూసింది. నక్క వాసన. కాస్త కిందకి వంగి చూస్తే బెరడుకి నల్లటి జూలు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. అవి నీలుడివి. చెట్టుకి ఆనుకుని తీరిగ్గా నిలబడ్డ గుర్తులు. మిగతా చెట్లు కూడా చూసింది. అన్నిటి మీదా అదే వరస.

గుహకి వచ్చి అడిగింది. "గీతలు ఎవరు గీశార్రా?"

"మావయ్య."

"నువ్వేం చేశావు?"

"నిలబడ్డాను."

"నిలబడ్డం ఏంటి?"

"మావయ్యకి అంత ఎత్తు అందదు కదమ్మా. నా వీపెక్కి గీశాడు." నీలుడు ఆవులించాడు. "నాలాంటి మేధావులు చేత్తో పని చేయకూడదట. పక్కన నిలబడితే చాలు, పని దానంతటదే అయిపోతుందట. ఇన్నాళ్ళకి నన్ను అర్థం చేసుకున్నవాడు ఒకడు దొరికాడమ్మా."

కన్నతల్లి కింద పడ్డ కొమ్మ పక్కకి జరపమంటే నడుం నొప్పన్నవాడు, నక్కని ఎక్కించుకుని హద్దంతా తిరిగొచ్చాడు. తరతరాల చోటు వాడి వీపు మీదుగానే చేజారింది. ఆమెకి ముందు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. రెండిట్లోకీ కోపమే పనికొచ్చేదిగా కనిపించి దాన్నే ఉంచుకుంది.

కానీ కొడుకుని కొట్టలేదు, నక్క మీదకి దూకలేదు. చెట్టుకింద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. నక్క తెలివైనది, నిజమే. అయితే నక్కకి నీలుడితో పరిచయం మొన్నమొన్నటిది. తనకి వాడు పుట్టినప్పట్నుంచీ తెలుసు.

మర్నాడు పొద్దున్న జంతువులన్నీ ఎప్పటిలాగే నీళ్ళకొచ్చాయి. అందరికంటే ముందు పెద్ద అడవిదున్న బసవయ్య వచ్చాడు. అడవిలో తగువులు తీర్చేది ఆయనే. నెమ్మదస్తుడు, ఒక్క మాట అనడానికి ముందు రెండుసార్లు నెమరువేస్తాడు. వెనక దుప్పులు, కుందేళ్ళు, చెంగమ్మ, ఆమె గుంపు. వచ్చి చూస్తే చెలమ పూడిపోయి ఉంది. గుబురమ్మ ఇప్పచెట్టు నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఏం అమ్మాయ్, ఒంట్లో బాలేదా?" అన్నాడు బసవయ్య.

ఆమె జవాబు చెప్పేలోపే వినయమూర్తి ఒక రాయెక్కాడు. ఈసారి దణ్ణం పెట్టలేదు.

"పెద్దలందరూ వచ్చారు కాబట్టి ఒక్క మాట. ఈ చోటు ఇకపై నాది. హద్దు చెట్ల మీద నా గోటి గీతలున్నాయి. పూలు రాలడం ఆగకముందే గీశాను. కావాలంటే చూసుకోండి." తర్వాత గుబురమ్మ వైపు తిరిగి గొంతు మెత్తగా చేశాడు. "బాధపడకు అక్కా. గుహలో ఓ మూల మీకూ ఉంచుతాలే."

అడవంతా గగ్గోలెత్తింది. చెంగమ్మ ముక్కు మీద వేలేసుకుంది. బసవయ్య తాపీగా వెళ్ళి చెట్లు చూసి, తాపీగా తిరిగొచ్చాడు.

"గీతలు నక్కవే. ఎత్తు ఎలా అందిందో నాకు అంతుపట్టలేదు గానీ, గీతలు గీతలే. నువ్వేమంటావు అమ్మాయ్?"

అందరూ ఆమె మీదకి దూకుతుందనుకున్నారు. గుబురమ్మ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"అనడానికేముంది తాతా. గీతలు ఆయనవే, చోటూ ఆయనదే. నేను ఒప్పుకుంటున్నాను. ఒకరి చోటులో ఇంకొకరు గోరు పెట్టకూడదు కాబట్టి చెలమ నేను తవ్వను. తవ్వమనండి ఆయన్ని."

వినయమూర్తి గుహ వైపు చూశాడు. ఆ మాట ఆయన ఆలోచించని మాట కాదు. గునపాల్లాంటి గోళ్ళున్న కుర్రాడు చేతిలో ఉండగా తనకేం లోటని ధీమా.

"దానికేం భాగ్యం. అల్లుడూ, నీలుడూ, ఇలా రా నాయనా."

గుహలోంచి ఆవులింత వినపడింది. కాసేపటికి నీలుడు బయటికొచ్చి, గుమ్మంలోనే నీడ చూసుకుని చతికిలబడ్డాడు.

"ఏంటి మావయ్యా?"

"కాస్త చెలమ తవ్వు. నీకది చిటికెలో పని."

"చూద్దాంలే మావయ్యా."

"చూడ్డం కాదు నాయనా, ఇప్పుడు కావాలి. అందరూ దాహంతో ఉన్నారు."

"నాలాంటివాళ్ళు చేత్తో పనిచేయకూడదని నువ్వేగా అన్నావు?"

"అది ఆ పనికి. ఇది వేరే పని."

"నిలబడితే పని దానంతటదే అయిపోతుందన్నావు. కావాలంటే వచ్చి నిలబడతాను."

"నీ నిలబడ్డం ఎవడిక్కావాలిరా," అన్నాడు వినయమూర్తి. గొంతులో మెత్తదనం అప్పటికే సగం పోయింది. తమాయించుకుని మళ్ళీ మొదలెట్టాడు. "నీ అంత తెలివైనవాడు ఈ అడవిలో లేడు. ఆ తెలివి ఒక్కసారి చూపించు."

"తెలివైనవాడు ఈ ఎండలో బయటికి వస్తాడా మావయ్యా?" అని నీలుడు పక్కకి ఒరిగాడు.

గుబురమ్మ చెట్టుకింద కూర్చుని అంతా వింటోంది. ఇన్నాళ్ళూ తనకి అగ్గిలా తగిలిన ఆ మాటలు ఇవాళ చెవికి ఇంపుగా ఉన్నాయి. అనరా నాయనా, ఇంకో రెండు అను అనుకుంది లోపల.

వినయమూర్తి బతిమాలాడు. తర్వాత తిట్టాడు. తర్వాత తేనె తెచ్చిపెడతానన్నాడు. నీలుడు ముందు తెచ్చిపెట్టమన్నాడు. అక్కడికి నక్కకి ఓపిక చచ్చిపోయింది. వెనక జంతువుల గొణుగుడు పెరుగుతోంది. దుప్పిపిల్లలు నాలుకలు బయటపెట్టి తల్లుల కడుపు కింద దూరుతున్నాయి. చేసేది లేక తనే చెలమలోకి దిగాడు.

నక్క గోళ్ళు కోడిని పట్టడానికి పనికొస్తాయి గానీ చెలమకి పనికిరావు. పైన ఇసక కాబట్టి కాసేపు బాగానే సాగింది. కిందకి పోయేకొద్దీ గులకరాళ్ళు తగిలాయి. ఒక రాయి పెకిలిస్తే పక్కనున్న ఇసక జారి గుంట పూడేది. మళ్ళీ మొదలు. పొద్దు నడినెత్తి దాటేసరికి వినయమూర్తి గోళ్ళు విరిగాయి, మూతి నిండా ఇసక, కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళు తప్ప గుంటలో చుక్క లేదు.

"ఇక చాలు," అన్నాడు బసవయ్య. "నీళ్ళు పెట్టలేనివాడి గీతలు చెల్లవు. పూలు రాలడం ఆగిపోయినా సరే, చెలమలో నీళ్ళు తెప్పించినవాళ్ళు కొత్తగా గీసుకోవచ్చు."

"ఈ చోటు నాకు మొదట్నుంచీ పెద్దగా నచ్చలేదు," అని వినయమూర్తి కుంటుకుంటూ పొదల్లోకి పోయాడు.

అందరూ గుబురమ్మ వైపు తిరిగారు. చెంగమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఎంత ఎత్తు వేశావు వదినా. లే, లే, గబగబా తవ్వు. గొంతులు ఎండిపోతున్నాయి."

"నేను తవ్వను."



"నక్క పోయింది కదమ్మాయ్," అన్నాడు బసవయ్య.

"నక్క పోతే మాత్రం? నా బిడ్డకి తెల్లవంక నిండింది తాతా. నేను తవ్వినా చెల్లదు, గీసినా చెల్లదు. చెల్లినా తవ్వను. వీడు పుట్టినప్పట్నుంచీ వీడి ఆకలీ నేనే పడ్డాను, వీడి దాహమూ నేనే పడ్డాను. ఇవాళ్టితో ఆపేశాను."

"పంతాలకి ఇదా సమయం వదినా? చిన్నపిల్లలున్నారు. నీది ఇంత రాతిగుండె అనుకోలేదు."

ఆ మాట గుబురమ్మకి తగిలింది. దుప్పిపిల్లల వైపు చూడలేక తల తిప్పుకుంది. తన గోళ్ళు ఇసకలో నాలుగుసార్లు ఆడిస్తే నీళ్ళొస్తాయని ఆమెకి తెలుసు. చెల్లకపోయినా ఆ నీళ్ళు తాగుతారనీ తెలుసు. ఇప్పుడు తవ్విందంటే ఇక చచ్చేదాకా తవ్వాలని కూడా తెలుసు. తను చచ్చిన మర్నాడు ఈ కొడుకు ఇదే ఇసక పక్కన పడుకుని ఎండిపోతాడని అన్నిటికంటే బాగా తెలుసు.

"చీకటి పడేలోపు కొండ దాటితే పెద్ద ఏరు వస్తుంది," అంది. "పిల్లల్ని తీసుకుని అందరూ నా వెనక రండి. ఈ చోటు పోతే పోనీ."

లేచి నడవడం మొదలుపెట్టింది. బెదిరింపు కాదు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా అడుగు తడబడకుండా, పుట్టిపెరిగిన చోటుకి వీపు తిప్పి నడుస్తోంది. ముందు బసవయ్య కదిలాడు, తర్వాత దుప్పులు. గోరింక కూడా నీలుడి పొట్ట వదిలి వాళ్ళ మీదుగా ఎగిరిపోయింది.

నీలుడు లేచి కూర్చున్నాడు. అంత నిశ్శబ్దం వాడికి ఎప్పుడూ వినపడలేదు. పరుగున వచ్చి తల్లిని అందుకున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయింది.

"అమ్మా, నాకూ దాహమేస్తోంది. నేనూ వస్తాను." అలవాటు కొద్దీ జూలు పట్టుకుని వీపెక్కబోయాడు.

గుబురమ్మ నేల మీద గట్టిగా కూర్చుంది. వాడు జారి ఇసకలో పడ్డాడు.

"నడిచి రా."

"కొండంతా నడవాలా? నా వల్ల కాదమ్మా."

"అయితే ఇక్కడే ఉండు."

"ఇక్కడ నీళ్ళు లేవు కదా."

"ఇసక కింద ఉన్నాయి. గోళ్ళు నీకున్నాయి. కొండెక్కుతావో, ఇసక తవ్వుతావో నీ ఇష్టం. నిన్ను మొయ్యను, నీకోసం తవ్వను. ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది, వచ్చినా వెనక్కి తిరగను. చెప్పాను కదా, ఇక అంతే."

తల్లి మొహంలోకి నీలుడు చాలాకాలానికి సరిగ్గా చూశాడు. బేరం పెట్టడానికి అందులో సందు కనిపించలేదు. ఎదురుగా నిట్టనిలువు కొండ, పక్కన ఇసక. వాడు తన జన్మలో మొదటిసారి రెండు పనుల్లో ఏది తక్కువ కష్టమో నిజంగా లెక్కవేసుకోవాల్సి వచ్చింది. తల వంచుకుని వెనక్కొచ్చి చెలమలోకి దిగాడు. కొండ వైపు కదిలినవాళ్ళందరూ ఆగి, చూడ్డానికి ఒడ్డు చేరారు.

మొదటి ఎత్తిపోత వాడి మొహం మీదే పడింది. దుప్పులు కిసుక్కున నవ్వాయి. వాడికి ఒళ్ళు మండి గట్టిగా తవ్వాడు. రాయి అడ్డొస్తే పెకిలించి విసిరాడు. ఇసక జారితే "ఛీ" అని బయటికొచ్చాడు. ఎవరూ బతిమాలలేదు. కాసేపు నిలబడి చూసి మళ్ళీ దిగాడు. గుబురమ్మకి చేతులు ఊరుకోక గోళ్ళు రెండు చంకల కిందా పెట్టి బిగించుకుంది. అలా కాదురా, వాలుగా తవ్వాలి అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా ఇసక నల్లబడింది. తడి చేరింది. తర్వాత మట్టి రంగు నీళ్ళు ఓ దోసెడు ఊరాయి. నీలుడు మూతి పెట్టి ఒక్క గుక్కలో లాగేసి, అమ్మయ్య అని ఒడ్డు మీద ఒరగబోయాడు. ఒడ్డు మీద చోటు లేదు. దుప్పిపిల్ల ఒకటి వాడి పక్కనే నిలబడి గుంటలోకి చూస్తోంది. దాని వెనక కుందేళ్ళు, చెంగమ్మ, బసవయ్య, అడవంతా వరసకట్టి ఉంది. వాడు తల్లి కోసం చూశాడు. ఆమె వరసలో చిట్టచివర నిలబడి ఉంది.

నీలుడు పెద్దగా నిట్టూర్చి మళ్ళీ దిగాడు.

అందరి వంతూ అయ్యేసరికి వెలుగు పల్చబడింది. బసవయ్య తాగి, మూతి దులుపుకుని, "గీతలు గీసుకో అబ్బాయ్, చోటు నీది" అని వెళ్ళాడు. చెంగమ్మ గుబురమ్మ పక్కకి చేరింది.

"మొత్తానికి నీ కొడుకు దారిలో పడ్డాడు వదినా."

"దారిలో పడలేదు, దాహమేసింది. రేపు కూడా వేస్తుంది, అదే నా ధైర్యం."

వానలు పడేదాకా చెలమ నీలుడే తవ్వాడు. పొద్దున్నే లేచాడంటే అబద్ధమవుతుంది. కాస్త ఆలస్యంగానే లేచేవాడు, గొణిగేవాడు, కాలేజీ ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూసేవాడు. అయినా తవ్వేవాడు. హద్దు చెట్ల మీద వాడి గీతలు వంకరటింకరగా ఉన్నాయి గానీ చెక్క దాకా దిగాయి.

ఓ ఎండ పూట వరస చివర, తొండకి కూడా వెనకాల, ఒకరు తోక నేలకానించి వంగి నిలబడి ఉన్నారు. గోళ్ళు ఇంకా సరిగ్గా మొలవలేదు.

"అల్లుడూ, బాగున్నావా నాయనా? నీ అంత పనిమంతుడు ఈ అడవిలోనే లేడని అందరితోనూ చెబుతున్నాను," అన్నాడు వినయమూర్తి. "మావయ్యని కదా, నాకు కాస్త ముందు పోయరాదూ?"

నీలుడు ఇసక ఎత్తిపోస్తూ తలెత్తకుండానే అన్నాడు. "వరసలో ఉండు మావయ్యా. ముందుకి రావాలనుంటే దిగి రెండు చేతులు వెయ్యి."

నక్క తన గోళ్ళు చూసుకుని, తొండ వెనకే నిలబడ్డాడు.

నీతి: పిల్లల పని మనం మానేస్తేనే అది వాళ్ళ పని అవుతుంది.